రాణిగారి ఒళ్లో కుక్కపిల్ల

మొన్న ఆదివారం భోజనాలయ్యి కాస్త నడుం వాలుద్దామనుకుంటూంటే మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, పిల్లలు కుక్కపిల్ల కావాలని ప్రాణాలు తోడేస్తున్నారు. మాదేమో రెండు గదుల ఇల్లాయె! చిన్న జాతిదైతే చాలంటున్నారు మీ అన్నయ్య. తెల్లగా, దూదిపింజలా ఉంటుందే, ఆ పొమేరియన్ తెచ్చుకోమంటావా?" అంది.

"రేపు చెబుతాలే" అని పెట్టేశాను గానీ, ఆ తెల్లకుక్క నా బుర్రలోంచి పోలేదు. ఎందుకో చివర్లో చెబుతాను. ముందు దాని వంశచరిత్ర వినండి. మన రాజుల కథల కంటే ఏమీ తీసిపోదు.

బాల్టిక్ సముద్రానికి దక్షిణపు ఒడ్డున పోమెరేనియా అనే ప్రాంతం ఉంది. ఇప్పుడది కొంత పోలండులో, కొంత జర్మనీలో ఉంది. ఆ ఊరి పేరే ఈ కుక్కకు వచ్చింది. దీని పూర్వీకులు ఒళ్లో కూర్చునే రకం కాదు సుమండీ! చలిదేశాల్లో పనీపాటా చేసుకు బతికిన పెద్ద కుక్కలు. ఒత్తయిన ఆ బొచ్చు సోకు కోసం వచ్చింది కాదు, చలికి కప్పుకున్న కంబళి.

1761లో జర్మనీలోని ఒక చిన్న సంస్థానం నుంచి షార్లెట్ అనే 17 ఏళ్ల పిల్ల ఇంగ్లండు రాజు మూడవ జార్జికి భార్యగా వచ్చింది. ఈ జాతి కుక్కలను ఇంగ్లండు రాజభవనంలో ముద్దుగా పెంచింది ఆవిడే. పుట్టింటి వైపు కుక్కలు కదా, ఆ మమకారం మనకు తెలియనిదా! గెయిన్స్‌బరో అనే చిత్రకారుడు సుమారు 1777లో ఈ జాతి తల్లినీ పిల్లనీ బొమ్మ గీశాడు. ఆ బొమ్మ చూస్తే, ఇప్పుడు మనం చూసే బొమ్మకుక్కకీ దానికీ పోలికే కనబడదు. నక్కలాంటి కోరమూతి, నిండైన ఒళ్లు.

మరి ఇంత కుక్క అంత ఎలా అయింది? అదీ ఒక రాణిగారి చలవే. షార్లెట్ మనవరాలు విక్టోరియా 1888లో ఇటలీలోని ఫ్లారెన్సుకు వెళ్లినప్పుడు ఈ జాతి చిన్న కుక్కలను చూసి ముచ్చటపడి తెచ్చుకుంది. వాటిలో మార్కో అనేది 12 పౌన్లు, అంటే అయిదున్నర కిలోలు కూడా తూగేది కాదు. 1891లో లండనులో జరిగిన కుక్కల ప్రదర్శనకు తన కుక్కలను పంపింది. ఇంకేం, రాణిగారు కట్టిన చీరే ఊరందరికీ ఫ్యాషను! చిన్నవాటికి చిన్నవాటినే జతకట్టి తరతరానికీ ఒళ్లు తగ్గించుకుంటూ వచ్చారు. ఈనాడు అమెరికా కెన్నెల్ క్లబ్బు లెక్క ప్రకారం పొమేరియన్ బరువు 3 నుంచి 7 పౌన్లే. మన ఇంటికొచ్చే పాలపాకెట్లు మూడు నాలుగు కలిపితే ఎంతో, అంత!

చిన్నదవడం వల్ల ఒక మేలూ జరిగింది. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడ్డ కుక్కలు మూడే. రెండు పొమేరియన్లు, ఒకటి పెకినీస్. పెద్ద కుక్కలకు పడవల్లో చోటెవరిస్తారు? ఇవి చేతుల్లో ఇమిడిపోయి ఒడ్డున పడ్డాయి.

ఇక మన సంగతి. 1980లలో, 90లలో మన పట్టణాల్లో పొమేరియన్ అని పిలిచి పెంచుకున్నవాటిలో చాలామటుకు 'ఇండియన్ స్పిట్జ్' జాతివి. చూపుకు అక్కచెల్లెళ్లే గానీ ఇది కాస్త పెద్దది, మన ఎండలకు బాగా అలవాటుపడ్డది. 1994లో వచ్చిన హిందీ సినిమా 'హమ్ ఆప్కే హై కౌన్'లో టఫీ గుర్తుందా? తెలుగులో 'ప్రేమాలయం'గా చూశాం. ఆ టఫీని చూశాక తెల్లకుక్క కావాలని పేచీ పెట్టని పిల్లలున్నారా!

మర్నాడు మా ఆడపడుచుకు ఇదంతా చెప్పి, అసలు మాటలు కూడా చెప్పాను. ఎనిమిది వారాలైనా నిండకుండా పిల్లను తల్లినుంచి వేరుచేయకూడదు. ఎండాకాలం కదా అని ఆ బొచ్చు నున్నగా గొరిగించకూడదు, ఎండనుంచి చర్మాన్ని కాచేది కూడా అదే. రేబిస్ టీకా మానకూడదు. ఉల్లిపాయ కుక్కలకు విషం, కాబట్టి మన సాంబారన్నం పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, చిన్న కుక్కకు ఆయుష్షు చిన్నది కాదు. పన్నెండు పదిహేనేళ్లు బతుకుతుంది. తెమ్మనేది పిల్లలైనా, వాళ్లు చదువులకు వెళ్లిపోయాక దాని ముసలితనం చూడాల్సింది తల్లే.

"ఇంత చెప్తున్నావు, నువ్వెప్పుడైనా పెంచావా వదినా?" అంది.

పెంచాం. నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారికి బదిలీ అయింది. సామానంతా లారీ ఎక్కింది. మా తెల్లకుక్క ఎక్కలేదు. ఎదురింటివాళ్లకు అప్పజెప్పి వచ్చేశాం. లారీ వీధి మలుపు తిరిగేదాకా అది వెనకాలే పరుగెత్తింది. కొత్త ఊళ్లో దాని మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

1901 జనవరిలో విక్టోరియా రాణి మంచం పట్టి, చివరి ఘడియల్లో తన పొమేరియన్ టూరీని పక్కన పడుకోబెట్టమని అడిగిందట. అంత సామ్రాజ్యం ఏలిన మనిషి!

"ఏ జాతిదైనా తెచ్చుకో అమ్మా, వీధిలో దొరికిందైనా సరే. కానీ రేపు మీకు బదిలీ అయితే లారీలో దానికి చోటుందా లేదా, అది ఆలోచించుకుని తెచ్చుకో" అన్నాను.

కాసేపు ఫోనులో మాట లేదు. తర్వాత, "ఆయన్ని అడిగి చెబుతాను వదినా" అంది.