గట్టు మీది వయ్యారిభామ

కరువు మా గుంతకల్లు రైతుకు కొత్త కాదు. వాన రాక ఎండిన చేనుకు కారణం వెతకనక్కర్లేదు. 2000 ఖరీఫ్ అట్లాంటిది కాదు. ఏపుగా ఉన్న చెనిక్కాయ చెట్లకు మొవ్వ నల్లబడింది, కాండం మాడింది, చెట్టుకు చెట్టే చచ్చిపోయింది. మా అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది.

మొదట దాన్ని మొవ్వకుళ్లు అనే వైరస్ తెగులు అనుకున్నారు. మేమూ మా చేలో జబ్బు చెట్లు పీకి పారేస్తూ పోయాం. ఫలితం లేదు. ఎందుకు లేదో పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. 1972లో పుట్టిన ఆ అంతర్జాతీయ సంస్థలో డాక్టర్ డి.వి.ఆర్. రెడ్డి బృందం, స్కాట్లాండ్ పంట పరిశోధనా సంస్థ వారితో కలిసి, ఇది టొబాకో స్ట్రీక్ అనే వేరే వైరస్ అని నిర్ధారించింది.

ఆ వైరస్ దాగే చోటు వయ్యారిభామ అనే కలుపు మొక్క. మొక్కకు ఏ జబ్బూ కనిపించదు, పుప్పొడిలో మాత్రం వైరస్ ఉంటుంది. ఆ పుప్పొడి చెనిక్కాయ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆకును గీకిన చోట వైరస్ లోపలికి దిగుతుంది. జబ్బు చెనిక్కాయ చెట్టు నుంచి పక్క చెట్టుకు పాకదు. అందుకే మా పీకుడంతా వృథా అయింది. పీకాల్సింది గట్టు మీది కలుపును. చేను చుట్టూ జొన్న, సజ్జ సాళ్లు వేయమన్న సలహా కూడా ఈ పరిశోధన నుంచి వచ్చిందే.

విత్తనం విషయంలోనూ మాకు పరిశోధనే తోడైంది. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకాన్నే తరాలుగా విత్తుకున్నాం. బెట్టను తట్టుకుని త్వరగా కోతకొచ్చే ఐసీజీవీ 91114ను ఇక్రిశాట్ తయారు చేస్తే, మన జిల్లా రైతులు సొంత చేలల్లో వేసి పరీక్షించారు. ఆఫ్రికాలోని మలావీ రైతులకు 1990లో అందిన సీజీ-7 రకమూ పటాన్‌చెరులో చేసిన సంకరమే. దాని తల్లిదండ్రుల్లో ఒకటి తమిళనాడు టీఎంవీ-10, రెండోది అమెరికా రకం. అక్కడి రైతూ వాన కోసం ఆకాశం చూసేవాడే. ఇట్లాంటి పరిశోధనకు పెట్టే ఖర్చును దండగ అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

తొలకరి పడగానే వయ్యారిభామ మొలుస్తుంది. రైతన్నలారా, పూతకు రాకముందే చేతికి గుడ్డ చుట్టుకుని పీకేయండి. మీ గట్టు ఒక్కటే చాలదు. పక్క చేను రైతును కలుపుకోండి, బీడునూ, రోడ్డు వారనూ, రైలు కట్ట పక్కనూ వదలకండి.