పొగ సరే, నిప్పెక్కడ?

2021 వేసవిలో కోవిడ్ రెండో వేవ్ నడిచినన్ని రోజులూ "సీఆర్పీ ఎంతొచ్చింది?" అన్న ప్రశ్న మన ఇళ్ళల్లో "జ్వరం ఎంతుంది?" అన్నంత మామూలైపోయింది. వాట్సాప్‌లో లాబ్ రిపోర్ట్ రావడం, అందులో బోల్డ్ అక్షరాల్లో ఉన్న అంకె చూసి బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉన్న కొడుకు గుండె జారిపోవడం.. ఇది చాలామందికి తెలిసిన సంగతే. అయితే ఆ అంకె ఏం చెప్తుంది, ఏం చెప్పలేదు అన్నదానికి తొంభై ఏళ్ళ పైబడిన చరిత్ర ఉంది. ఐసీయూలో ఉన్న మనిషికి మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచే ఇన్‌ఫెక్షన్ వచ్చిందా అన్న ప్రశ్న దగ్గర ఈ చరిత్ర బాగా పనికొస్తుంది.

ముందు గొట్టం సంగతి. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ అనే చిన్న ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టర్ తన మోచేతి దగ్గరి సిరలోంచి (మనం వాడుకలో నరం అంటాం లెండి) ఓ సన్నటి కాథెటర్‌ని 65 సెంటీమీటర్లు లోపలికి తోసుకుని, ఆ గొట్టంతోనే ఎక్స్‌రే గదికి నడుచుకుంటూ వెళ్ళి, దాని కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తీయించుకున్నాడు. అప్పట్లో మెచ్చుకున్నవాళ్ళ కంటే తిట్టినవాళ్ళే ఎక్కువ. 1956లో మాత్రం కూర్నాన్, రిచర్డ్స్ అనే మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. 1952లో ఫ్రాన్సుకి చెందిన ఒబానియాక్ కాలర్ ఎముక కిందనుంచి పెద్ద సిరలోకి వెళ్ళే దారి చూపించాడు. 1970ల్లో సియాటిల్‌లో బ్రోవియాక్, హిక్‌మన్‌లు నెలల తరబడి ఒంట్లో ఉంచుకోదగ్గ కాథెటర్లు తయారుచేసారు. కీమోథెరపీ, డయాలసిస్, ఐసీయూ మందులు.. వీటిలో చాలావాటికి ఈ గొట్టమే ఆధారం.

మన భాషలో చెప్పాలంటే చర్మం ఒంటికి ఫైర్‌వాల్. కాథెటర్ అంటే ఆ ఫైర్‌వాల్‌లో రోజుల తరబడి తెరిచి ఉంచిన పోర్ట్. చర్మం మీద బుద్ధిగా బతికే స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి బాక్టీరియా ఆ ప్లాస్టిక్‌ని పట్టుకుని, చుట్టూ జిగురులాంటి పొర (బయోఫిల్మ్) అల్లుకుని కాపురం పెడతాయి. ఒకసారి అలా స్థిరపడితే వాటిని మందులతో కదిలించడం కష్టం.

చిక్కేంటంటే, ఐసీయూలో జ్వరం రావడానికి కారణాలు బోలెడు. ఊపిరితిత్తులు కావచ్చు, మూత్రం కావచ్చు, ఆపరేషన్ గాయం కావచ్చు. "ఎందుకైనా మంచిది, గొట్టం తీసేద్దాం" అనడం తేలికే. కానీ డయాలసిస్ రోగికి అదే ఆఖరి సిర అయితే? కీమోలో ఉన్న పిల్లాడికి మళ్ళీ మత్తిచ్చి కొత్తది పెట్టాల్సివస్తే? 1977లో విస్కాన్సిన్‌కి చెందిన డెన్నిస్ మాకి ఒక పద్ధతి చెప్పాడు. తీసిన కాథెటర్ కొసముక్కని బ్లడ్ అగార్ ప్లేటు మీద చపాతీ కర్రలా దొర్లించడం, 15 లేక అంతకంటే ఎక్కువ కాలనీలు పెరిగితే దోషి అనడం. ఇప్పటికీ వాడతారు. కానీ ఇది పోస్ట్‌మార్టం లాంటిది.. గొట్టం తీసాక గానీ తేలదు. తీరా చూస్తే అనుమానంతో తీసినవాటిలో చాలా భాగం నిర్దోషులే.

అందుకే రక్తంలోనే ఏదైనా ఆనవాలు దొరికితే బావుండునన్న ఆశ. అలాంటి ఆనవాళ్ళలో ముందుది సీఆర్పీ. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల సీరమ్‌ని న్యుమోకాకస్ నుంచి తీసిన 'సి' అనే పదార్థంతో కలిపి చూసారు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు తెల్లటి మడ్డి ఏర్పడింది. కోలుకోగానే ఆ లక్షణం మాయమైంది. ఇక న్యుమోనియాకి పరీక్ష దొరికిందనుకుంటే, ఇతర జబ్బుల్లోనూ అదే మడ్డి కనబడింది! ఆ తర్వాత తేలిందేంటంటే, ఇది బాక్టీరియాది కాదు, మన కాలేయమే తయారుచేసే ప్రొటీన్. 1941లో దీనికి సి-రియాక్టివ్ ప్రొటీన్ అన్న పేరు స్థిరపరిచినవాళ్ళలో ఆస్వాల్డ్ ఏవరీ ఒకడు. 1944లో జన్యువులు డీఎన్ఏతో తయారయ్యాయని చూపించిన ముగ్గురిలో మొదటాయన ఈ ఏవరీనే. ఆపరేషన్ అయినా, గుండెపోటు వచ్చినా, కాలినా, కీళ్ళవాతం ఉన్నా సీఆర్పీ పెరుగుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటాం కదా, ఇక్కడ పొగ నిజమే. కానీ అది పొయ్యిదో, ఇల్లు తగలబడుతున్నదో పొగ చూసి చెప్పలేం.

తర్వాత ప్రొకాల్సిటోనిన్ వచ్చింది. 1993లో పారిస్ పక్కనున్న విల్‌జుయిఫ్‌లోని గుస్తావ్ రూసీ కాన్సర్ సంస్థకి చెందిన అసికో, బోహువాన్ మరికొందరితో కలిసి లాన్సెట్‌లో ఒక వ్యాసం వేసారు. మామూలుగా ఇది థైరాయిడ్‌లో కాల్సిటోనిన్ అనే హార్మోన్‌కి ముడిసరుకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో మిల్లీలీటరుకి 0.1 నానోగ్రాము కూడా ఉండదు. తీవ్రమైన బాక్టీరియా ఇన్‌ఫెక్షన్ ఉన్న పిల్లల్లో మాత్రం 6 నుంచి 53 దాకా కనబడింది. వైరస్ జ్వరాల్లో అంత పెరగలేదు. థైరాయిడ్ తీసేసినవాళ్ళలో కూడా సెప్సిస్ వస్తే ఇది పెరుగుతుంది, ఎందుకంటే అప్పుడు ఒళ్ళంతా ఎక్కడపడితే అక్కడ దీన్ని విడుదల చేస్తుంది. సీఆర్పీ కంటే త్వరగా లేస్తుంది, మందు పనిచేస్తే రోజుకి ఇంచుమించు సగం చొప్పున దిగుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సింది ఉంది. కాథెటర్ ఇన్‌ఫెక్షన్లకి తరచుగా కారణమయ్యే ఎపిడెర్మిడిస్ జాతి బాక్టీరియా పెద్దగా గోల చెయ్యదు. గ్రామ్ నెగటివ్ బాక్టీరియా రక్తంలోకి వచ్చినప్పుడు ప్రొకాల్సిటోనిన్ ఎగిరినంతగా దీనికి ఎగరదు. అంటే ఎక్కడైతే సాయం బాగా కావాలో సరిగ్గా అక్కడే అలారం నెమ్మదిగా మోగుతుందన్నమాట. పోనీ బాగా పెరిగినా అది గొట్టం వల్లో, ఊపిరితిత్తుల వల్లో చెప్పదు. ప్రొడక్షన్‌లో అలర్ట్ వచ్చినంత మాత్రాన ఏ సర్వర్‌లో బగ్ ఉందో తెలియదు కదా. లాగ్స్ చూడాల్సిందే.

ఆ లాగ్స్ చూసే పద్ధతి కూడా అదే గుస్తావ్ రూసీ సంస్థలో తేలడం నాకు భలే నచ్చిన విషయం. 1998, 1999ల్లో ఫ్రాన్సువా బ్లో, ఆయన సహచరులు ఏం చేసారంటే.. ఒకే సమయంలో కాథెటర్‌లోంచి కొంత, చేతి సిరలోంచి అంతే రక్తం తీసి రెండు బ్లడ్ కల్చర్ సీసాల్లో వేసి మెషీన్‌లో పెట్టారు. బాక్టీరియా ఎక్కువ ఉన్న సీసా ముందుగా పాజిటివ్ చూపిస్తుంది. కాథెటర్ సీసా రెండోదానికంటే కనీసం 120 నిమిషాలు ముందు మోగితే మూలం గొట్టమే అని గట్టిగా అనుమానించొచ్చు. రెండు టైమ్‌స్టాంపులు పోల్చడం, అంతే! గొట్టం తియ్యకుండానే తేలుతుంది. ఈ రెండు గంటల లెక్క 2009 నాటి అమెరికా ఇన్‌ఫెక్షన్ నిపుణుల సంఘం మార్గదర్శకాల్లోకి కూడా ఎక్కింది.

మరి మార్కర్లు దండగా? కాదు. వాటి అసలు ఉపయోగం మందు మొదలుపెట్టడంలో కంటే ఆపడంలో ఉంది. 2016లో వచ్చిన నెదర్లాండ్స్ ట్రయల్‌లో 1,500 మందికి పైగా ఐసీయూ రోగులున్నారు. ప్రొకాల్సిటోనిన్ దాని గరిష్ఠం నుంచి 80 శాతం పడినా, 0.5కి దిగినా యాంటీబయాటిక్ ఆపొచ్చని డాక్టర్లకి సూచించారు. మందు వాడిన రోజుల మధ్యస్థం 7 నుంచి 5కి తగ్గింది, మరణాలు పెరగలేదు సరికదా తక్కువే ఉన్నాయి. 2021 నాటి అంతర్జాతీయ సెప్సిస్ మార్గదర్శకాలూ ఇదే ధోరణిలో ఉన్నాయి. మొదలుపెట్టడానికి దీన్ని ఆధారం చేసుకోవద్దు, ఎప్పుడు ఆపాలో తేల్చుకోడానికి వాడుకోవచ్చు అని. దీనికీ మినహాయింపులున్నాయి. కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ వస్తే అంకె ఎంత దిగినా కోర్సు పూర్తిగా వాడాల్సిందే.

ఇంకో ముచ్చట చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తవదు. పీటర్ ప్రోనవోస్ట్ బృందం మిషిగన్ రాష్ట్రంలో వందకి పైగా ఐసీయూల్లో ఐదు పనులే పట్టుబట్టి చేయించింది. చేతులు కడుక్కోవడం, గౌను-మాస్కు-పూర్తి దుప్పటి వాడటం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, వీలైతే తొడ దగ్గరి సిర జోలికి పోకపోవడం, అక్కర్లేని గొట్టం వెంటనే తీసెయ్యడం. వెయ్యి కాథెటర్ రోజులకి సగటున 7.7 ఉన్న ఇన్‌ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కి పడ్డాయి. ఏ కొత్త పరీక్షా కనిపెట్టలేదు, చెక్‌లిస్ట్ ఒక్కటే!

కాబట్టి ఈసారి వాట్సాప్‌లో రిపోర్ట్ వచ్చినప్పుడు ఆ ఒక్క అంకెనీ పట్టుకుని "హై యాంటీబయాటిక్ ఎందుకు ఇవ్వట్లేదు?" అని డాక్టర్‌తో గొడవ పడకండి. నిన్న ఎంతుంది, ఇవాళ ఎంతుంది అని అడగండి. మందు మొదలుపెట్టే ముందు గొట్టం నుంచీ, చేతి నుంచీ రెండు కల్చర్లూ తీసారా అని అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గొట్టం ఇవాళ కూడా అవసరమేనా అని రోజూ అడగండి. ఈ చివరి ప్రశ్నకి లాబ్‌తో పన్లేదు, బిల్లూ పడదు.