చెరువునకు ఏడవ దోషము



దేశము వెనుకబడుటకు కారణము లేవియని యడిగినచో మనవారు పరదేశపు ప్రభువులను, కరవులను, పన్నులను, తుదకు దైవమును లెక్కింతురు. ఆ లెక్కలో అసత్యము లేదు. కాని మన నిత్యపు నడవడిలో నున్న యొక కారణమును పేర్కొనువారు అరుదు. “అది అందరిది గదా, నాకేల?” అను మాటయే యది. ఈ మాట మన దేశమున కెంత నష్టము కలిగించెనో తెలియుటకు ఊరి చెరువు కథ చాలును.

కడప సీమలోని పోరుమామిళ్లలో భైరవాలయము నెదుట సంస్కృత శాసన మొకటి గలదు. అది శాలివాహన శకము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను నామాంతరము గలవాడు, ఉదయగిరి సీమ నేలుచు అచ్చట అనంతరాజసాగరమను చెరువును కట్టించెను. దినమునకు 1,000 మంది కూలీలు, 100 బండ్లు, 2 సంవత్సరములు పనిచేసినట్లు శాసనము చెప్పుచున్నది.

శాసనములలో సామాన్యముగా రాజుల బిరుదులు, దానపు హద్దులు, దానమును హరించినవానికి కలుగు పాపములు కనబడును. ఇందు అదనముగా చెరువునకు వలసిన 12 సాధనములును, ఉండగూడని 6 దోషములును వ్రాయబడియున్నవి. ధర్మపరుడగు రాజు, జలశాస్త్రము నెరిగినవాడు, గట్టి మట్టి గల నేల, మూడు యోజనముల దూరము నుండి వచ్చు తియ్యని నీటి యేరు, దిట్టమైన రాతికట్ట, వైశాల్యమును లోతును గల గర్భము, చేరువనే రాతిగని, నేర్పరులగు పనివారు—ఇట్లు సాధనములు సాగును. ఇక దోషములు: కట్ట నుండి నీరు కారుట; చవిటినేల; రెండు రాజ్యముల సరిహద్దున నుండుట; చెరువు నడుమ మిట్ట యుండుట; నీరు కొంచెమై నేల విస్తారమగుట; నేల కొంచెమై నీరు మిక్కిలి యగుట.

మూడవదానిని గమనింపుడు. తక్కిన యైదును మట్టికిని నీటికిని సంబంధించినవి. ఇది యొక్కటియే మనుష్యుల నడుమ పుట్టునది. సరిహద్దున నున్న చెరువు ఇద్దరిదియు నగును. మరమ్మతు వచ్చిన నాడు ఎవ్వరిదియు గాకపోవును. ఈ సరిహద్దును మనము ఊరి లోపలికే తెచ్చుకొని, ప్రతి యింటి గుమ్మము నొద్దను పాతుకొంటిమి. నేను ఏడవ దోషమనునది దీనినే.

తటాకము సప్తసంతానములలో నొకటి. కట్టించినవానికి పుణ్యమును గలదు, కీర్తియు గలదు. కాని కట్టించుట ఒకనాటి పని. కాపాడుట ఏటేటి పని. పూడిక తీయుట, కట్టకు మట్టి వేయుట, తుమ్మ మొలకలను పెరికివేయుట, తూమునకు బందోబస్తు చేయుట—వీనికి శిలాఫలకములు వేయువారెవరు? అందుచేత పూర్వులు చెరువు కట్టినవారికిని, బాగుసేయువారికిని దశబంధపు మాన్యము లిచ్చిరి. నీరు పంచు నీరుగంటికి కళ్లమున మేర కొలిచిరి. రైతులు ఏటేట చెరువు పనికి రావలయునను వాడుకయు నుండెను. చెన్నపట్టణమున వారు దానిని కుడిమరామత్తనిరి.

తరువాత కుంపిణీ దొరతనము వచ్చెను. శిస్తు వసూలునందున్న శ్రద్ధ చెరువుల మరమ్మతునం దుండదయ్యెను. ఊరివారి చేతిలోని పెత్తనము జారినది. చెరువు సర్కారుది యన్న మాట స్థిరపడినది. తుదకు 1858లో నొక చట్టము చేసి, వాడుక ప్రకారము చెరువు పనికి రానివారిని నిర్బంధింపవచ్చునని విధించిరి. తన మడిలోనికి వచ్చు నీటికై తాను పార పట్టుటకు చట్టపు బెదిరింపు కావలసివచ్చినది! ఆ బెదిరింపు వలన కూడ చెరువులు బాగుపడలేదు.

ఇంతవరకు విని, “పూర్వకాలమే మేలు” అని తల యూపు పెద్దలకు ఒక మాట మనవి చేయవలసియున్నది. పూర్వకాలమున కట్టపై మట్టి మోసిన దెవరు? వడ్డెరలు, ఉప్పరులు, పెక్కు గ్రామములలో వెట్టికి పిలువబడిన మాలమాదిగలు. వారిలో అనేకులకు ఆయకట్టున సెంటు భూమి లేదు. తాము త్రవ్విన చెరువులో నీరు ముంచుకొనుటకు సైతము వారికి వేరు రేవు చూపిరి. మన “అందరు” అను మాటలో వారు ఎన్నడును లేరు. ఈ యవస్థ మన సీమకే పరిమితము గాదు. నేటి మహారాష్ట్రములోని మహాడు పట్టణపు చవదారు చెరువును అందరికిని తెరచితిమని పురపాలక సంఘము తీర్మానించియుండెను. 1927 మార్చి 20న డాక్టరు అంబేద్కరు వేలమందితో నడచి వెళ్లి ఆ నీరు త్రాగగా, వారికి దెబ్బలు తప్పలేదు. కాగితముపై నున్న హక్కు న్యాయస్థానమున గెలుచుటకు 1937 వరకు పట్టినది.

వెట్టి పోయినది, పోవలసినదే. కాని వెట్టి పోయిన పిదప మాగాణి గలవారు తట్ట నెత్తుకొనలేదు. మట్టి మోయుట చిన్నతనమని వారి తలంపు. చెరువులు పూడుటకు వానలకంటె ఈ చిన్నతనమే యెక్కువ దోహదము చేసినదని నా నమ్మకము.

నేను చదువు చెప్పిన గ్రామములలో నొకదాని సంగతి వినుడు. చెరువు గర్భమున కొంద రాక్రమించి పైరు పెట్టిరి. చెరువు నిండిన పైరు మునుగును గనుక రాత్రివేళ తూము తెరచి నీరు వదలెడివారు. అలుగు రాళ్లను సడలించెడివారు. ఎవరు చేయుచున్నారో పసిపిల్లలకును తెలియును. రచ్చబండ కడ మాత్రము ఒక్కరును పేరు చెప్పరైరి. “రేపు వాని మొగము చూడవలయును గదా” అని పెద్దలు నాతో ననిరి. క్రింది ఆయకట్టు రెండేండ్లు వరుసగా ఎండినది. మొగమాటము మనకు సద్గుణముగానే కనబడును. దాని వెల యెంతయో ఆ యెండిన చేల కాపులకు తెలియును.

పట్టణముల సంగతి వేరుగా జెప్పనేల? హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు అను పేట గలదు. పేరు మిగిలినది.

తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ యను పేర చెరువుల పునరుద్ధరణ నారంభించెను. గుర్తించిన చెరువులు 46 వేలకు పైబడినవి. ప్రభుత్వము పూడిక త్రవ్వించెను. రైతులు ఆ యొండ్రుమట్టిని సొంత ఖర్చుతో ట్రాక్టర్లపై తమ చేలకు తోలుకొనిరి. ఇది మంచిదే. మట్టి వానివాని చేలో పడును గనుక దానికి ఎవరి ప్రోత్సాహమును అక్కరలేదు. నేనెరిగిన యొక చెరువున గర్భము శుభ్రమైనది గాని, దానిలోనికి నీరు తెచ్చు వరవకాలువ పూడియే యున్నది. ఆ కాలువ ఆరుగురు రైతుల చేల నడుమ పారును. ఆరుగురును గట్టులను కొంచెము కొంచెముగా జరిపియున్నారు. ముందుగా ఎవరు వెనుకకు తీయవలయునను తగవు మూడు వేసవుల నుండి తెగలేదు.