తెలుగునాట చిత్రకళా విద్య

తెలుగు ప్రాంతంలో బొమ్మలు వేయడం చాలాకాలం కులవృత్తిగా, ఇంటి విద్యగా సాగింది. చేర్యాల నకాషీలు, నిమ్మలకుంట తోలుబొమ్మల వారు, శ్రీకాళహస్తి కలంకారీ పనివారు పెద్దల పక్కన కూర్చుని నేర్చినవారే. కాళహస్తిలో గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో తడపడం, బెల్లపు నీళ్లలో ఇనుము ఊరబెట్టి నల్లరంగు తీయడం, వెదురు కలం పట్టడం అన్నీ ఆ పనిలో భాగమే. 1950లలో అక్కడ ప్రభుత్వ శిక్షణ కేంద్రం వచ్చాక ఆ కుటుంబాలకు బయటివారికీ దారి దొరికింది.

ఈ విద్యకు బడి రూపం మద్రాసు నుంచి వచ్చింది. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు అక్కడ చిత్రకళాశాల స్థాపించారు. 1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు.

ఆంధ్ర చిత్రకళకు రాజమండ్రి తెచ్చిన వెలుగు ప్రత్యేకమైనది. ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. పాఠ్యక్రమంలో లేని ఈ విద్యను ఆయన ఇష్టంకొద్దీ నేర్పేవారు. ఆయన శిష్యుడు దామెర్ల రామారావు (1897–1925) ఆ ప్రోత్సాహంతోనే బొంబాయి జె.జె. స్కూలులో చేరారు. తిరిగివచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల ప్రారంభించారు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. మశూచితో ఆయన 27 ఏళ్లకే మరణించగా, సహచరుడు వరదా వెంకటరత్నం ఆ పనిని నిష్ఠతో కొనసాగించారు. కూల్డ్రే మరో శిష్యుడు అడివి బాపిరాజు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటర్జీ దగ్గర వంగ శైలి నేర్చుకుని, 1930లలో అదే సంస్థకు ప్రిన్సిపాల్ అయ్యారు.

హైదరాబాదులో ప్రభుత్వ లలితకళల కళాశాల 1940లో మొదలైంది. కొండపల్లి శేషగిరిరావు అక్కడ చదివి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ వద్ద నేర్చుకుని, తిరిగివచ్చి అక్కడే బోధించారు. తోట వైకుంఠం కూడా ఆ కళాశాల విద్యార్థే.

పట్టాతో పనిలేకుండా పేరు తెచ్చుకున్నవారూ ఉన్నారు. వడ్డాది పాపయ్యకు తొలి గురువు తండ్రి. బాపు చదివింది న్యాయశాస్త్రం. డ్రాయింగు మాస్టరు ఉద్యోగం కావాలంటే మాత్రం లోయర్, హయ్యర్ పరీక్షలు గట్టెక్కాలి. సినిమా బ్యానర్ల కార్ఖానాల్లో ఆ పరీక్షలూ అవసరమయ్యేవి కావు. కుర్రవాళ్లు రంగులు కలుపుతూ, కుంచెలు కడుగుతూ, గళ్లు గీసి చిన్న ఫొటోను పెద్దది చేయడం నేర్చుకునేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ కార్ఖానాలు చాలావరకు మూతపడ్డాయి.