చెడుగుడు పట్టు

1970 వఱకు కర్నూలు జిల్లాలో నుండి, పిదప ప్రకాశము జిల్లాలో చేరిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో, తెలుగుసీమ యంతటను వలెనే, పంట యింటికి చేరిన సంక్రాంతి దినములందు ఊరిబయటి నేలపై గీతలు గీచి చెడుగుడాడుట పూర్వాచారము. కూతకు పోయినవాని పేరు ఊరంతయు నెఱుగును. వాని చీలమండను పట్టి, కూత తెగువఱకు విడువనివాని పేరు బరి దాటుట యరుదు. ఈ యన్యాయము నేటికిని తీరలేదు.

1936లో బెర్లిను ఒలింపిక్సునందు ప్రదర్శింపబడి, 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకార్హత నందిన యీ యాటకు 2014లో ప్రో కబడ్డీ లీగు పుట్టగా, తెలుగు టైటాన్స్ జట్టును వెలసెను. నాటినుండి ఆటగాండ్రకు వేలము, వేలము ముగిసినంతనే అభిమానులకు వాదము. 2023 వేలమున పవన్ సెహ్రావత్ అను మేటి కూతగానికి రెండుకోట్ల అఱువది లక్షలకు పైగా వెచ్చించినను, ఆ యేటి 22 పోటీలలో జట్టు గెలిచినవి రెండే. కావున కుడిమూల నెవ్వడు, ఎడమమూల నెవ్వడు, కవరు స్థానములలో నిలుచు నిరువురికి పొందిక కుదురునా యని విచారించువారి పక్షమే నాకు న్యాయముగ దోచుచున్నది. ఏలయన మూలవాడు దూకిన క్షణముననే కవరువాడు కదలనిచో పట్టు సడలును, ఆ పొందిక కలసి యాడిన యేండ్లవలననే సిద్ధించును గాని వేలపు ధనమున లభింపదు.

టైటాన్స్ యాజమాన్యము రాబోవు వేలములలో పట్టువారిని ముందుగా నెన్నుకొని, వారిని పలు ఋతువులు విడువక నిలుపుకొనవలెను. అట్టివారిని మన పల్లెబరులలోను వెదకవలెను.