ఊరి చెరువు, ఊరి సొమ్ము

చెరువుల మీద మనవాళ్లు చెప్పిన పద్యాలకు లెక్కలేదు. చెరువుకు పెట్టిన ఖర్చు లెక్క మాత్రం సాహిత్య విద్యార్థి చదవడు. శాసనం దొరికితే ముందు ఛందస్సు చూస్తాం, తర్వాత భాషారూపాలు ఏరుకుంటాం, చివరనున్న దానవాక్యాన్ని మామూలేనని వదిలేస్తాం. ఊరుమ్మడిగా ఉండే చెరువుకు, తోపుకు, బయలుకు, పేదవాడి ఇంటిస్థలానికి సొమ్ము ఎక్కణ్నుంచి వచ్చింది, ఎవరి చేతిమీదుగా నడిచింది అన్నది ఆ వదిలేసిన వాక్యమే చెప్తుంది. సత్యవేడు ప్రాంతాన్ని ముందు పెట్టుకుని ఈ ప్రశ్న వేసి చూద్దాం.

సత్యవేడే ఎందుకంటే, అది రెండు సంప్రదాయాల సరిహద్దు మీద ఉంది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దుల మార్పు అమల్లోకి వచ్చి తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు చిత్తూరు జిల్లాకు వచ్చింది. అంతవరకూ అది చెంగల్పట్టు జిల్లాలోది. 2022లో తిరుపతి జిల్లాలో చేరింది. కాబట్టి ఈ తెలుగు పల్లెల వెనకటి కథ కావాలంటే ఒక చేత్తో రాయలసీమ శాసనాలు, మరో చేత్తో చెంగల్పట్టు కాగితాలు తిరగెయ్యాలి.

రాయలసీమ వైపు మాట దశబంధం. చెరువు తవ్వించినవాడికో, దాన్ని బాగుచేస్తూ ఉండేవాడికో ఆ చెరువు కింద కొంత భూమినిగాని, శిస్తులో కొంత భాగాన్నిగాని వదిలిపెట్టేవారు. భూమిగా ఇస్తే ఖండ దశబంధం, శిస్తులో భాగంగా ఇస్తే షామిలాత్ దశబంధం. షరతు ఒక్కటే, మరమ్మతు ఆగకూడదు. ఏటేటా ఎవరినో అడుక్కునే పని లేకుండా చెరువు ఖర్చు చెరువు కిందే పండేది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్తుంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని కూడా చెప్తుంది. కట్టించిన భాస్కర భవదూరుడి వంశం మనకు తెలుసు. కట్టినవాళ్లు అంకెగా మిగిలారు.

చెంగల్పట్టు వైపు ఇదే ఏర్పాటు కల్లంలో కనిపిస్తుంది. 1763లో నవాబు కంపెనీకిచ్చిన జాగీరు గ్రామాలను 1767-74 మధ్య బర్నార్డ్ అనే ఇంజనీరు సర్వే చేశాడు. గుడికింత, చెరువుకింత, వడ్రంగికింత, నీళ్లు కట్టేవాడికింత అని కల్లంలోనే పక్కకు తీసే వాటాలన్నీ ఆ సర్వేలో నమోదయ్యాయి. అంటే ఊరి నిధి ఊరు దాటకముందే ఏర్పడేది. కంపెనీ వచ్చాక శిస్తే మొదటి హక్కుదారు అయింది. ధాన్యం నగదుగా మారి జిల్లా ఖజానాకు చేరింది. చెరువు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. నిధి పోయాక ఊరికి మిగిలింది ఒళ్లువంచడమే. దానికి 1858లో చట్టమే చేశారు. గండి పడితే పనికి రావాలి, రాకపోతే శిక్ష. సొమ్ము తీసుకుపోయినవాళ్లే చాకిరీని ఊరి ఆచారమని పేరుపెట్టి చట్టంలో రాసుకున్నారు.

ఇక్కడ ఆగిపోతే ఈ వ్యాసం పాతకాలపు భజన అవుతుంది. అలాంటి వ్యాసాలు మనకు చాలానే ఉన్నాయి. వలస పాలనకు ముందు ఊరు స్వర్గమని చెప్పేవారికి జవాబు అదే చెంగల్పట్టు జిల్లాలో ఉంది. ఉత్తరమేరూరు శాసనాలు (919, 921) చెరువు వారియం, తోట వారియం అనే సంఘాలకు కుండలో చీటీలు వేసి సభ్యులను ఎంచుకునే పద్ధతి చెప్తాయి. ప్రజాస్వామ్యమని పాఠ్యపుస్తకాలు పొగిడిన పద్ధతి ఇదే. అర్హతలు కూడా చదవాలి: పన్ను కట్టే పావు వేలికి పైగా భూమి, వేదజ్ఞానం, సొంత స్థలంలో కట్టుకున్న ఇల్లు.

సొంత స్థలంలో ఇల్లు! దాదాపు వెయ్యేళ్ల తర్వాత, 1891లో, చెంగల్పట్టు కలెక్టరు ట్రెమన్‌హీర్ ఆ జిల్లా పరయల స్థితి మీద ఒక నివేదిక రాశాడు. వాళ్ల గుడిసెల కింద నేల కూడా మిరాసీదార్లదేనని, ఎదురు తిరిగితే ఇల్లు ఖాళీ చెయ్యమనే బెదిరింపు ఉందని అందులో ఉంది. ఇంటిస్థలం అంటే నివాసం ఒక్కటే కాదు, నోరు విప్పే హక్కు. 1892లో మద్రాసు ప్రభుత్వం బంజర్లు కొంత అణగారిన కులాలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతవరకూ ఊరి నిధి లెక్కలో నీళ్లు కట్టేవాడికి గింజలున్నాయి, ఇల్లు లేదు, చీటీ లేదు.

స్వాతంత్ర్యం తర్వాత 1956 చట్టం ఇనాం భూములకు రైత్వారీ పట్టాల దారి వేసింది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది. మంచిదే, కాని ఆయకట్టులో భూమి ఉన్నవారికే ఓటు. మిగతా నీటి వాడకందార్లు ఓటులేని సభ్యులు. పావు వేలి నీడ ఇంకా పోలేదు. 2008లో సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో శ్రీసిటీ మొదలై వేల ఎకరాలు కర్మాగారాల కిందికి వెళ్లాయి. కొలువులు వచ్చాయి, కాదనలేం. అయితే కర్మాగారం పక్క ఊళ్లో నేల ధర పెరిగితే ముందుగా కరిగేది ఉమ్మడి నేలే: చెరువు అంచు, మేత బయలు, పిల్లలు ఆడే మైదానం. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఖాళీ చేయించాక దాన్ని కాపాడే సొమ్ము ఏదన్న ప్రశ్న మిగిలే ఉంది.

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2000లో ఒక చట్టం చేసింది. ఊరి ఓటర్లు ఒప్పుకుంటే ఆస్తిపన్ను మీద 3 శాతం దాకా అదనంగా వసూలు చేసి వేరే ఖాతాలో ఉంచుతారు. ఖాళీ నేల, ఆటస్థలం, పాత కట్టడాలు, తక్కువ ఆదాయాలవారి ఇళ్లు, వీటికే ఖర్చు. రాష్ట్రం తన వంతు కలుపుతుంది. అక్కడా సంపన్నమైన ఊళ్లు ఎక్కువ పోగుచేసుకోగలవు, అది వేరే గొడవ. మనకు ఇది కొత్త ఊహేం కాదు. 1948 మద్రాసు గ్రంథాలయ చట్టం ఇంటిపన్ను మీద రూపాయికి ఆరు పైసల సుంకం పెట్టింది. ఆ పాత పైసలు రూపాయికి 192. ఆంధ్రప్రదేశ్ 1960లో తన చట్టం చేసుకుంది, తర్వాత రేటు రూపాయికి 8 పైసలైంది. స్థానిక సంస్థలు వసూలు చేసిన ఈ సుంకం జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరక బకాయిపడటం రచయితలందరికీ తెలిసిన బాధే. అయినా ఆ సుంకం ఉంది కాబట్టే బకాయి ఎంతని అడగగలుగుతున్నాం. ఇంటిపన్ను రసీదులో గ్రంథాలయానికి ఒక వరస ఉంది. చెరువుకు, బయలుకు, ఇంటిస్థలానికి లేదు.