వాగ్యూ వెనక కథ

ఆ మధ్య ప్రాజెక్టు గో-లైవ్ అయిందని క్లయింటు వాళ్ళు మా టీమ్‌ని ఓ ఖరీదైన జపనీస్ రెస్టారెంటుకి తీసుకెళ్ళారు. మెనూలో వాగ్యూ ధర ఔన్సుల లెక్కన ఉంది, బంగారంలాగా! నేను బీఫ్ తినను కాబట్టి కూరగాయల టెంపురాతో సరిపెట్టుకున్నాను. పక్కనున్న జపనీస్ మిత్రుడు ముక్క నోట్లో పెట్టుకుంటూ, "మా ముత్తాతగారి తాత దీన్ని ముట్టి కూడా ఉండడు" అన్నాడు. మాట వరసకి అన్నాడనుకున్నా గానీ, చదివితే నిజమే.

క్రీ.శ. 675లో తెన్ము చక్రవర్తి పశువు, గుర్రం, కుక్క, కోతి, కోడి, ఈ అయిదింటి మాంసం తినకూడదని శాసనం చేశాడు. బౌద్ధం ప్రభావం అంటారు. కాదనను. కానీ ఆ నిషేధం ఏడాది పొడుగునా కాదు, నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకానే. అంటే వరి పనుల కాలం. పైగా జింక, అడివిపంది ఆ జాబితాలోనే లేవు. నాకైతే ఇందులో బుద్ధుడితో పాటు నాగలి కూడా కనిపిస్తోంది.

తర్వాత వెయ్యేళ్ళకి పైగా ఈ కట్టడి ఏదో ఒక రూపంలో సాగింది. జనం ఊరుకుంటారా? అడివిపందికి "కొండ తిమింగలం" అని పేరు పెట్టుకుని తిన్నారు (తిమింగలం చేపల లెక్కలోది కదా!). హికొనె సంస్థానం వాళ్ళు గొడ్డుమాంసాన్ని మిసోలో ఊరబెట్టి, మందు పేరుతో షోగునుకే పంపేవారు.

1859లో యొకొహామా, 1868లో కోబె రేవులు విదేశీయులకి తెరుచుకున్నాయి. ఫుకుజావా యుకిచి లాంటి మేధావులు మాంసం తింటేనే ఒంట్లో బలం అని రాశారు. 1872 జనవరిలో సాక్షాత్తూ మెయిజీ చక్రవర్తే బీఫ్ తిన్నాడన్న వార్త బయటికొచ్చింది. మరుసటి నెలలో పదిమంది దాకా కొండసాధువులు రాజభవనంలోకి చొరబడబోయారు. జనం మాంసం మరిగి నేల మైలపడింది, దేవుళ్ళకి చోటు లేకుండా పోతోంది అన్నది వాళ్ళ గోడు. కాపలావాళ్ళతో జరిగిన పోరులో కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. తరతరాలుగా పాపమన్నది ఒక్కసారిగా నాగరికత అయిపోతే ఆ షాకు ఎలా ఉంటుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక పశువు సంగతి. వాగ్యూ అంటే "జపాన్ పశువు", అంతే. కోబె బీఫ్ తజిమా జాతిది. కొండపొలాల్లో అరక లాగి, రైతుతో ఒకే చూరు కింద బతికిన జీవం. 1950, 60లలో చేతి ట్రాక్టర్లు వచ్చి దాన్ని దుక్కి నుంచి తప్పించాయి. ఇక మాంసం తప్ప దానికి వేరే పని మిగల్లేదు. 1991లో బీఫ్ దిగుమతుల మీద కోటాలు ఎత్తేశాక, చౌక విదేశీ మాంసంతో ధరలో పోటీ పడలేక జపాన్ రైతులు కండలో సన్నటి కొవ్వు చారల మీదే పందెం కాశారు. అన్నట్టు "ఏ5"లో "ఏ" రుచికి కాదు, కళేబరం నుంచి ఎంత మాంసం దిగుతుందన్నదానికి. నాణ్యతని చెప్పేది ఆ 5 అంకె.

మన ఒంగోలు జాతిది కూడా ఇలాంటి కథే. బండ్లు లాగి, దుక్కులు దున్నిన ఆ పశువులు పంతొమ్మిదో శతాబ్దంలో ఓడలెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీద "నెలోరె" అయ్యాయి. ఇవాళ అక్కడి మాంసం మందల్లో ఎక్కువ భాగం ఆ రక్తమే. కాకపోతే వాళ్ళు చూసేది కొవ్వు చారలు కాదు, ఎండకీ పిడుదులకీ తట్టుకునే ఒళ్ళు.